బర్లింగేమ్ రాయబారం

రాత్రంతా సాగే పద్యనాటకంలో మన ప్రేక్షకుడు కళ్ళు నులుముకుంటూ ఎదురుచూసే ఘట్టం రాయబారం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం ఆడిన ఊరల్లా ఇదే అనుభవం. సైన్యం వెంట లేదు, చేతిలో ఆయుధం లేదు. ఒక మనిషి నిండు సభలో నిలబడి మరొకరి తరఫున మాట్లాడుతున్నాడు. వినేవాళ్ళకు ఆ మాట గిట్టదు. పంపినవాళ్ళ బతుకంతా ఆ మాట మీదే వేలాడుతోంది. మధ్యలో నిలిచినవాడికి సొంతానికి ఒరిగేది ఏమీ లేదు. ఆ ఒంటరి నిలుపులో పుట్టే రసానికి తెలుగువాడు తరతరాలుగా దాసుడు. ఆ రుచి తెలిసినవాడు ఆన్సన్ బర్లింగేమ్ కథను ఒక్కసారి వింటే మళ్ళీ మళ్ళీ వినాలనుకుంటాడని నా నమ్మకం.

బర్లింగేమ్ అమెరికావాడు. వృత్తికి వకీలు, తర్వాత ప్రజాప్రతినిధి, ఆపైన రాయబారి. 1820లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ బెర్లిన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. 1870లో రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, యాభై నిండకుండానే కన్నుమూశాడు. కన్నుమూసే నాటికి ఆయన అమెరికా రాయబారి కాడు, చైనా చక్రవర్తి రాయబారి. ఒక మాసచూసెట్స్ వకీలు పెకింగు దర్బారు తరఫున ప్రపంచమంతా తిరిగి, చైనాకు న్యాయం చేయమని అడుగుతూ ప్రాణం విడిచాడు. ఇలాంటి ఇతివృత్తం కల్పించాలంటే కవికి ధైర్యం చాలదు. చరిత్ర ఎవరి అనుమతీ అడగకుండా దీన్ని రాసిపెట్టింది.

వీరరసానికి స్థాయీభావం ఉత్సాహమని మన ఆలంకారికులు చెప్పారు. కోపం వీరానికి స్థాయి కాదు, రౌద్రానికి స్థాయి. ఈ తేడా పట్టుకుంటే బర్లింగేమ్ అర్థమవుతాడు. ఆయన జీవితంలో కోపం మెరిసి మాయమయ్యేది, ఉత్సాహం మాత్రం చివరి శ్వాస దాకా ఆరలేదు. ఆ ఉత్సాహానికి మూలం సరిహద్దు ప్రాంతపు బాల్యం. మూడేళ్ళ వయసులో కుటుంబం ఒహాయోకు తరలింది, అక్కణ్ణుంచి డెట్రాయిట్‌కు. అడవి, తుపాకి, గుర్రం, మట్టి రోడ్డు చూస్తూ పెరిగాడు. మిషిగన్ విశ్వవిద్యాలయపు డెట్రాయిట్ శాఖలో చదివి, హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం 1846లో ముగించి, బోస్టన్‌లో ప్రాక్టీసు పెట్టాడు. అడవి ఇచ్చిన గొంతుకు హార్వర్డ్ శ్రుతి పెట్టింది. 1848 ఎన్నికల్లో, బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకు పాకనివ్వకూడదన్న ఫ్రీ సాయిల్ పార్టీ తరఫున ఊరూరా తిరిగి ప్రసంగాలు చేశాడు. కోర్టులో కంటే బహిరంగ సభలో ఎక్కువ రాణించిన వకీలు ఆయన. 1852లో రాష్ట్ర సెనేటుకు, 1855లో వాషింగ్టన్‌లోని ప్రతినిధుల సభకు చేరాడు.

అక్కడ మొదటి అంకం ఆయన కోసం కాచుకొని ఉంది.

1856 మే నెల. మాసచూసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్, కాన్సస్‌లో బానిసత్వాన్ని బలవంతంగా నెలకొల్పే ప్రయత్నాలపై రెండు రోజులపాటు నిప్పులు చెరిగాడు. ఆ ప్రసంగంలో దక్షిణ కెరొలినా సెనేటర్ ఆండ్రూ బట్లర్‌ను పేరు పెట్టి ఎగతాళి చేశాడు. మే 22న బట్లర్ బంధువూ ప్రతినిధుల సభ సభ్యుడూ అయిన ప్రెస్టన్ బ్రూక్స్ సెనేటు గదిలోకి వచ్చి, బల్ల ముందు కూర్చుని రాసుకుంటున్న సమ్నర్‌ను చేతికర్ర విరిగేదాకా కొట్టాడు. సమ్నర్ మళ్ళీ మామూలుగా సభకు రావడానికి మూడేళ్ళకు పైగా పట్టింది. చట్టసభలో మాటకు జవాబు కర్రతో వచ్చింది. మాటనే నమ్ముకున్నవాడికి అంతకంటే పెద్ద అవమానం ఉంటుందా?

జూన్ 21న బర్లింగేమ్ లేచాడు. ఆ ప్రసంగానికి ‘మాసచూసెట్స్ పక్షాన’ అన్న అర్థం వచ్చే పేరు స్థిరపడింది. వకీలు కక్షిదారు తరఫున వాదించినట్టే మొదలుపెట్టాడు. రాష్ట్రం ఏమిటో, దాని చరిత్ర ఏమిటో, విప్లవయుద్ధంలో అది చిందించిన రక్తమేమిటో నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. సమ్నర్ పేరు వచ్చేసరికి స్వరం పెరిగింది. కూర్చున్నవాణ్ణి, నిరాయుధుణ్ణి, ముందు మాట చెప్పకుండా కొట్టడం గోదాలో దిగే మల్లులు కూడా చేయని పని అన్నాడు. ఇందులో నన్ను పరవశింపజేసేది పౌరుషం కంటే కూర్పు. అభియోగం ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టాడు. సమ్నర్ అన్న మాటలు మంచివా చెడ్డవా అన్న చర్చలోకి పోలేదు. ఆటకు ఒక నియమం ఉంది, దాన్ని మీరు విరిచారు, అంతే. ఔచిత్యమంటే ఇదే. బలమైన వాదాలు చేతిలో ఉన్నా వాటన్నిటినీ వాడకుండా ఒక్కదాని మీదే బరువంతా మోపడం పెద్ద వక్తకే సాధ్యం.

తర్వాత జరిగింది మరీ రసవత్తరం. బ్రూక్స్ ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. ఉత్తరాది పెద్దమనుషులకు ద్వంద్వయుద్ధం అనాగరికం. పిలుపు అందితే నిరాకరించడం వాళ్ళ మర్యాద. దక్షిణాదివాళ్ళు ఆ నిరాకరణను పిరికితనంగా చాటుకోవడం అప్పటి ఆనవాయితీ. బర్లింగేమ్ ఒప్పుకున్నాడు. ఆయుధాలు రైఫిళ్ళు. స్థలం నయాగరా జలపాతానికి ఎగువన, కెనడా వైపున్న నేవీ ఐలాండ్. డెట్రాయిట్ అడవుల్లో పెరిగినవాడి గురి ఎలాంటిదో అందరికీ తెలుసు. శత్రువుల గడ్డ మీదుగా అంత దూరం రావడం క్షేమం కాదని బ్రూక్స్ వెనక్కి తగ్గాడు. ఒక్క తూటా పేలలేదు. ఉత్తరాది అంతటా బర్లింగేమ్ పేరు మారుమోగింది.

జరగని యుద్ధం ఇంత అందంగా ఎందుకుందో చూడండి. పేలితే అది ఒక హత్య, లేదా ఒక విషాదం. పేలలేదు కనుక మొత్తం ఘట్టం ఒక వాక్యంలా మిగిలింది. ప్రత్యర్థి ఒప్పుకున్న నియమంతోనే ప్రత్యర్థిని ఓడించాడు. స్థలం పేరు చెప్పడంతోనే యుద్ధం ముగిసింది. ధ్వని అంటే చెప్పని అర్థం పలకడమని మనకు ఆనందవర్ధనుడు నేర్పాడు. ఇక్కడ పేలని తుపాకి పలికింది.

ఈ కావ్యంలో దోషాలూ ఉన్నాయి, వాటిని దాచి పొగడటం రసజ్ఞుడి పని కాదు. పిలుపు రావడానికి ముందు, ఇరువైపుల స్నేహితులూ రాజీకి కూర్చోబెడితే, బర్లింగేమ్ తన మాటల పదును తగ్గించే వివరణ ఒకటి ఇచ్చాడు. మాసచూసెట్స్‌లో విమర్శ రేగాక దాన్ని వెనక్కి తీసుకున్నాడు. నాయకుడు ఒక క్షణం తూగాడు. నా దృష్టిలో ఆ తూగు ఆయన్ని మనకు దగ్గర చేస్తుంది. రెండో దోషం అంత తేలిక కాదు. ఆయన మొదటిసారి ప్రతినిధుల సభకు వెళ్ళింది ‘నో నథింగ్’ అని జనం పిలిచే అమెరికన్ పార్టీ అభ్యర్థిగా. ఆ పార్టీ ఊపిరే వలసవచ్చినవాళ్ళ పట్ల, ముఖ్యంగా ఐర్లండు కాథలిక్కుల పట్ల, విముఖత. బానిసత్వ వ్యతిరేకులు చాలామంది అప్పట్లో ఆ గొడుగు కింద కొంతకాలం తలదాచుకున్నారన్నది నిజమే, ఆయనా త్వరలోనే రిపబ్లికన్ పార్టీలోకి వచ్చాడన్నదీ నిజమే. అయినా ఆ మచ్చ మచ్చే. దాన్ని గుర్తుంచుకోండి. పన్నెండేళ్ళ తర్వాత ఇదే చేయి ఒక ఒప్పందం మీద సంతకం పెట్టబోతోంది, అప్పుడు ఈ మచ్చ మొత్తం చిత్రానికే లోతు తెచ్చిపెడుతుంది.

1860 ఎన్నికల్లో లింకన్ గెలిచాడు, బర్లింగేమ్ తన స్థానంలో ఓడిపోయాడు. పార్టీకి చేసిన సేవకు గుర్తింపుగా లింకన్ ఆయన్ని 1861 మార్చిలో ఆస్ట్రియాకు రాయబారిగా నియమించాడు. వియన్నా దర్బారు ససేమిరా అంది. హంగరీ స్వాతంత్ర్యం కోసం పోరాడిన కొషూత్‌ను ఈ వకీలు బాహాటంగా సమర్థించాడు, ఇటలీ ఏకీకరణకు నడుం కట్టిన సార్డినియా పక్షానా మాట్లాడాడు. ఆస్ట్రియా అవన్నీ మర్చిపోలేదు. పరాయివాళ్ళ తరఫున మాట్లాడిన పాపానికి ఐరోపా తలుపు మూసుకుంది. అప్పటికే ఐరోపాలో ఉన్న మనిషికి బదులుగా దొరికింది చైనా. ఆనాటి లెక్కల్లో అది దేశాంతరవాసంతో సమానం. ఓటమీ తిరస్కారమూ కలిసి నాయకుణ్ణి అసలు రంగస్థలానికి చేర్చాయి. నాటకంలో అయితే దీన్ని కథాసంవిధానమని మెచ్చుకుంటాం.

1862 వేసవిలో ఆయన పెకింగు చేరేనాటికి ఆ నగరం ఎలా ఉంది? రెండేళ్ళ కిందటే, 1860 అక్టోబరులో, బ్రిటిష్ ఫ్రెంచి సైన్యాలు చక్రవర్తి వేసవి భవనాలను దోచుకున్నాయి. తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చింది లార్డ్ ఎల్గిన్. ఆ తర్వాత రెండేళ్ళు తిరగకుండానే ఆయన మన దేశానికి వైస్రాయిగా వచ్చాడు. ఆ దండయాత్రలో మద్రాసు సాపర్లూ మైనర్లూ అనే ఇంజినీరు దళంవాళ్ళు ఉన్నారు. అంటే ఆ మసితో మన దక్షిణాదికీ కొంత సంబంధం ఉంది. చక్రవర్తి పారిపోయి మరణించాడు, సింహాసనం మీద పసివాడు, దక్షిణాన తైపింగ్ తిరుగుబాటు రగులుతోంది. విదేశీ వ్యవహారాల కోసం గోంగ్ రాజకుమారుడు, వెన్‌షియాంగ్ అనే మంత్రి కలిసి జుంగ్లీ యామెన్ అనే కొత్త కార్యాలయాన్ని నడుపుతున్నారు. విదేశీ రాయబారులతో మాట్లాడటం వాళ్ళకు కాలిన చేత్తో నిప్పు తాకడమే.

అలాంటి చోట బర్లింగేమ్ ఏం చేశాడు? సైన్యం లేదు, నౌకలు లేవు. స్వదేశం అంతర్యుద్ధంలో మునిగి ఉంది. చైనా భాషకు కార్యదర్శి శామ్యూల్ వెల్స్ విలియమ్స్ మీద ఆధారపడాలి. మనిషి దగ్గర ఉన్నది ఒక్క సౌహార్దమే. దానితోనే బ్రిటన్ రాయబారి ఫ్రెడరిక్ బ్రూస్‌ను, ఫ్రాన్స్, రష్యా ప్రతినిధులను ఒక్కొక్కరినీ దగ్గరకు తీశాడు. ఈ ఫ్రెడరిక్ బ్రూస్ మరెవరో కాదు, వేసవి భవనాలు తగలబెట్టించిన ఎల్గిన్‌కు స్వయానా తమ్ముడు. అన్న చేయి కాల్చిన నగరంలో తమ్ముడి చేయి పట్టుకుని ఓర్పు వైపు నడిపించాడు బర్లింగేమ్. చైనాను ముక్కలు చేయకూడదు, బలప్రయోగం బదులు సంప్రదింపులు జరపాలి, ఒప్పందాల్లో రాసుకున్నదాన్ని మాత్రమే అడగాలి. చరిత్రకారులు దీన్ని సహకార విధానం అంటారు. 1863లో హొరేషియో లే అనే ఇంగ్లీషువాడు చైనా డబ్బుతో యుద్ధనౌకలు కొని తెచ్చి, వాటి కెప్టెన్ తన ద్వారా వచ్చే ఆజ్ఞలే వింటాడని మెలిక పెట్టినప్పుడు, గోంగ్ రాజకుమారుడు ఒప్పుకోలేదు. గొడవ ముదరకుండా ఆ నౌకలు వెనక్కి పోయేలా చూడటంలో బర్లింగేమ్ పాత్ర ఉంది.

నాకు అంతకంటే ఇష్టమైన పని మరొకటి. హెన్రీ వీటన్ రాసిన అంతర్జాతీయ న్యాయగ్రంథాన్ని మిషనరీ విలియం మార్టిన్ చైనా భాషలోకి తెస్తున్నాడని తెలిసి, బర్లింగేమ్ ఆయన్ని యామెన్ పెద్దల దగ్గరకు తీసుకువెళ్ళాడు. 1864లో పుస్తకం అచ్చయింది. అదే ఏడు ప్రష్యా యుద్ధనౌక ఒకటి చైనా జలాల్లో డెన్మార్క్ ఓడలను పట్టుకుంది. యుద్ధంతో సంబంధం లేని దేశపు సముద్రహద్దుల్లో ఈ పని చెల్లదని, ఆ పుస్తకంలోని సూత్రం పట్టుకునే చైనా అధికారులు అడ్డుచెప్పి ఓడలను విడిపించారు. ఫిరంగి దెబ్బలు తిన్న దేశానికి ఒక వకీలు చట్టాన్ని అందించాడు, అందిన మరుక్షణమే అది పనిచేసింది. మూడు అంకాల మధ్య ఇంత చిన్న దృశ్యం, ఎంత వెలుగు!

1866లో సెలవు మీద వెళ్ళి తిరిగివస్తూ హొనొలులులో ఆగాడు. అక్కడ మంచం పట్టి ఉన్నాడు ఒక యువ విలేకరి, పేరు మార్క్ ట్వేన్. అప్పుడే హార్నెట్ అనే ఓడ నడిసముద్రంలో కాలిపోయి, పదిహేనుమంది ఒక చిన్న పడవలో 43 రోజులు కొట్టుకుపోయి హవాయి ఒడ్డుకు చేరారు. వార్త దొరికే చోటికి విలేకరి నడవలేడు. బర్లింగేమ్ ఆయన్ని స్ట్రెచరు మీద ఆసుపత్రికి మోయించి, తానే పక్కన కూర్చుని ఆ నావికులను ప్రశ్నలడిగాడు. ట్వేన్ రాసుకున్నాడు. ఆ కథనం ట్వేన్ పేరును ద్వీపాలు దాటించింది. దేశ ప్రతినిధి ఒక పత్రికా విలేకరికి గుమాస్తాగా కూర్చున్న ఈ దృశ్యంలో, కోర్టులో సాక్షిని విచారించే వకీలు కనిపిస్తున్నాడా మీకు? తన నైపుణ్యాన్ని ఎదుటివాడి అవసరానికి అప్పిచ్చేయడం ఆయనకు అంత సహజం. తనకంటే మేధలో, శీలంలో పైవాళ్ళతోనే స్నేహం చేయమని ఆయన చెప్పిన సలహాను ట్వేన్ జీవితాంతం చెప్పుకున్నాడు.

పెకింగు తిరిగివచ్చాక మరో దృశ్యం. షూ జీయూ అనే చైనా పండితాధికారి 1840ల చివర్లో ప్రపంచ భూగోళ గ్రంథం ఒకటి రాశాడు. అందులో జార్జి వాషింగ్టన్‌ను ఆకాశానికెత్తాడు. రాజ్యం గెలిచి కూడా సింహాసనం తీసుకోనివాడని, పదవిని వంశానికి కట్టబెట్టనివాడని. విదేశీయుల పట్ల మెతకగా ఉన్నాడన్న నిందతో షూ పదవి పోయింది. 1853లో ఆ పొగడ్తను రాతి మీద చెక్కించి నింగ్‌బో నగరంలోని అమెరికా మిషనరీలు వాషింగ్టన్ స్మారక స్తంభానికి పంపారు. రాయి ఇప్పటికీ ఆ స్తంభం లోపలి గోడలో ఉంది. 1865లో షూ తిరిగి కొలువులోకి, అదీ యామెన్‌లోకే వచ్చాడు. 1867 అక్టోబరులో బర్లింగేమ్, గిల్బర్ట్ స్టూవర్ట్ గీసిన వాషింగ్టన్ చిత్రానికి ప్రతిని వేయించి తెప్పించి, అమెరికా ప్రభుత్వం పక్షాన షూ చేతికి అందించాడు.

ఈ ఘట్టంలో ఒప్పందం లేదు, బేరం లేదు, ఎవరికీ ఒక్క కాసు లాభం లేదు. ఒక దేశం రాయి తీసుకుంది, పద్నాలుగేళ్ళకు పటం ఇచ్చింది. అవమానపడ్డ ముసలి పండితుడికి, ఎప్పుడూ చూడని మనిషిని ప్రేమించినందుకు ఆ మనిషి ముఖమే ఎదురొచ్చింది. రాయబార చరిత్ర మొత్తంలో ఇంత నిర్మలమైన శాంతరసం నాకు వేరే చోట దొరకలేదు.

ఆ మరుసటి నెలలోనే అద్భుతం. పదవి వదిలి ఇంటికి పోదామనుకుంటున్న బర్లింగేమ్‌కు యామెన్ వీడ్కోలు విందు ఇచ్చింది. పాశ్చాత్య దేశాలతో కుదిరిన తియెన్‌జిన్ ఒప్పందాన్ని తిరగరాసే గడువు 1868లో వస్తోంది. పాశ్చాత్యులు రైళ్ళు కావాలంటారు, తంతి కావాలంటారు, లోపలి నదులన్నీ తెరవమంటారు. చైనాకు విదేశాల్లో ఒక్క రాయబారి లేడు. తన మాట లండన్‌కు తెలియాలంటే పెకింగులోని ఇంగ్లీషువాడే చేరవేయాలి. పోనీ సొంత మనుషుల్ని పంపుదామంటే, పరాయి రాజుల ముందు ఎలా నిలవాలి, ఎలా వంగాలి అన్న మర్యాదల చిక్కు. ఆ విందులో వెన్‌షియాంగ్ అడిగాడు, మా తరఫున మీరే వెళ్ళరాదా అని. ఏడేళ్ళ కిందట ఇంగ్లీషు ఫ్రెంచి ఫిరంగులకు నగరం అప్పగించిన దర్బారు, ఒక విదేశీయుడి చేతిలో తన ప్రాణం పెడతానంది. సామ్రాజ్యమే వకాల్తా రాసిచ్చింది. బర్లింగేమ్ తన దేశపు పదవికి రాజీనామా చేసి దాన్ని అందుకున్నాడు. సాటి రాయబారులుగా జిగాంగ్ అనే మంచూ, సున్ జియాగు అనే హాన్ అధికారి. కార్యదర్శులుగా ఒక ఇంగ్లీషువాడు, ఒక ఫ్రెంచివాడు. పసుపుపచ్చ గుడ్డ మీద డ్రాగన్ బొమ్మతో జెండా. 1867 నవంబరు చలిలో బృందం పెకింగు కోట ద్వారం దాటింది.

1868 వసంతంలో సాన్‌ఫ్రాన్సిస్కో, పనామా మీదుగా న్యూయార్క్, జూన్‌లో వాషింగ్టన్. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ స్వాగతం పలికాడు. ప్రతినిధుల సభ కూడా బృందాన్ని సభలోకి ఆహ్వానించి గౌరవించింది. పన్నెండేళ్ళ కిందట తాను సమ్నర్ కోసం గర్జించిన సభ ముందుకే, ఆయన ఇప్పుడు చైనా కోసం వచ్చి నిలబడ్డాడు. న్యూయార్క్‌లో జూన్ 23 రాత్రి విందులో చేసిన ప్రసంగం ఆయన వక్తృత్వానికి పరాకాష్ఠ. చైనాను బెదిరించకండి, తన నడకన తనను నడవనివ్వండి, తొందరపెడితే విరుగుతుందని వేడుకున్నాడు. అక్కడే ఉత్సాహం హద్దు దాటింది కూడా. చైనా చేతులు చాచి పాశ్చాత్య నాగరికతను, మతప్రచారకులను ఆహ్వానిస్తోందన్నట్టు మాట్లాడాడు. పెకింగులో ఎవరూ అంత మాట అనలేదు. షాంఘైలోని ఇంగ్లీషు వర్తకులు మండిపడ్డారు. వాళ్ళ కోపానికి కారణం లాభం అయినా, మాట మాత్రం నిజం. కక్షిదారును ప్రేమించిన వకీలు అతన్ని ఉన్నదానికంటే అందంగా చూపిస్తాడు. అతిశయోక్తి కావ్యంలో అలంకారం, దౌత్యంలో అప్పు. ఆ అప్పు తర్వాత తరాలు కట్టాయి. అయినా ఆగస్టు 21న బోస్టన్ నగరం ఇచ్చిన విందు తలుచుకుంటే ఈ ఫిర్యాదు నా నోట నిలవదు. ఎమర్సన్ వచ్చి చైనా నాగరికతను కొనియాడాడు, ఆలివర్ వెండెల్ హోమ్స్ పద్యం చదివాడు, ఆ బల్ల దగ్గరే చార్లెస్ సమ్నర్ ఉన్నాడు. ఎవరి దెబ్బల కోసం ఈ గొంతు మొదట లేచిందో, ఆ మనిషి ఇప్పుడు లేచి ఈ గొంతును మెచ్చుకున్నాడు.

ఆ రెండు విందుల నడుమ, 1868 జులై 28న, ఒప్పందం కుదిరింది. పాత తియెన్‌జిన్ ఒప్పందానికి అదనంగా ఎనిమిది అధికరణాలు. ముసాయిదాలో సింహభాగం విదేశాంగ కార్యదర్శి విలియం సూవర్డ్‌ది. పసిఫిక్ రైలుమార్గానికి చైనా కూలీలు కావాలన్న లెక్క కూడా సూవర్డ్ మనసులో లేకపోలేదు. అయినా చదవండి, చట్టభాషలోంచి తొంగిచూసే మనిషి కనిపిస్తాడు. చైనా రేవుల్లో విదేశీయులకు స్థలమిచ్చినంత మాత్రాన ఆ నేల మీద చైనా సార్వభౌమత్వం పోదని ఒక అధికరణం. చైనా కాన్సుళ్ళు అమెరికా రేవుల్లో ఉండవచ్చని ఇంకొకటి. ఒకరి ప్రభుత్వ విద్యాసంస్థల్లో మరొకరి పౌరులు చదువుకోవచ్చని ఏడోది. 1872 నుంచి 120 మంది చైనా బాలురు కనెక్టికట్‌కు చదువుకు వెళ్ళడం ఆ వెలుగులోనే. రైళ్ళు, తంతులు ఎప్పుడు వేసుకోవాలో చైనా చక్రవర్తే నిర్ణయించుకుంటాడని, అమెరికా తలదూర్చదని ఎనిమిదోది.

ఐదోది వాటన్నిటికీ కిరీటం. మనిషి తన ఇల్లు మార్చుకునే హక్కు, తన దేశవిధేయత మార్చుకునే హక్కు పుట్టుకతో వచ్చినవి, ఎవరూ లాక్కోలేనివి అని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. స్వచ్ఛంద సమ్మతి లేకుండా ఎవరినైనా ఓడెక్కిస్తే అది నేరమనీ రాసుకున్నాయి. వలసలంటే గిట్టని పార్టీ టికెట్టు మీద గెలిచిన మనిషి సంతకం దాని కింద ఉంది. ఇందాక గుర్తుంచుకోమన్న మచ్చ ఇక్కడికొచ్చి ఏమైందో చూశారా? మారిన మనసుకు ఇంతకంటే స్పష్టమైన అనుభావం ఉండదు. రెండో సగం మరింత సూటిగా మన గుండెకు తగులుతుంది. అదే దశాబ్దాల్లో కోరంగి తీరం నుంచి తెలుగు కూలీలు మారిషస్‌కు ఓడలెక్కుతున్నారు. ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తున్నారో తెలియకుండా ఎక్కినవాళ్ళు వాళ్ళలో లేరా? లోపం కూడా చెప్పాలి. పక్క అధికరణమే, రాకపోకలకూ నివాసానికీ అడ్డులేదంటూనే, పౌరసత్వం మాత్రం దీనితో సంక్రమించదని చేయి వెనక్కి లాక్కుంది.

ఐరోపా అంకం తొందరగా సాగుతుంది. విండ్సర్‌లో విక్టోరియా రాణి దర్శనం, ఏడాది చివర్లో విదేశాంగ మంత్రి క్లారెండన్ లేఖ. చైనా కేంద్రప్రభుత్వంతోనే మాట్లాడతామని, దాని స్వాతంత్ర్యానికి భంగం కలిగించే ఒత్తిడి తేమని అందులో హామీ. ఎల్గిన్ దేశం చేత ఈ మాట రాయించడం చిన్న విజయం కాదు. పారిస్‌లో మూడో నెపోలియన్ మర్యాద చేసి మాట దాటేశాడు. స్టాక్‌హోం, కోపెన్‌హాగెన్, హేగ్, బెర్లిన్. బిస్మార్క్ మంచి మాటే చెప్పాడు.

1870 ఫిబ్రవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్. రష్యా మిగతా దేశాల్లాంటిది కాదు, చైనాకు సరిహద్దు పంచుకున్న పొరుగు. ఇక్కడ మాట తేలిపోతే నేల పోతుంది. 16న జార్ రెండో అలెగ్జాండర్ దర్శనమైంది. ఆ వెంటనే జబ్బు పడ్డాడు, న్యుమోనియా. సహచరుడు జిగాంగ్ తన ప్రయాణ దినచర్యలో ఈ చివరి రోజుల గురించి రాశాడు. ఏ చిన్న పొరపాటు జరిగినా చైనా దగ్గర ముఖం చెల్లదు, ఏ మాట తప్పుగా దొర్లినా రష్యన్ల దగ్గర నవ్వులపాలవుతాం అన్న దిగులు రాత్రింబవళ్ళు ఆయన్ని తిన్నదని, దానితో జబ్బు ముదిరిందని. 23న ప్రాణం పోయింది.

ఇక్కడ కరుణరసం నిండుగా పొంగేది చావు వల్ల కాదు, ఆ దిగులు వల్ల. నయాగరా ఒడ్డున రైఫిలు పట్టడానికి వెనుకాడని మనిషి, పరాయి దేశం పరువు ఎక్కడ జారిపోతుందోనని మంచం మీద వణికాడు. తన ప్రాణానికి లేని భయం కక్షిదారు గౌరవానికి కలిగింది. ఆ వణుకును మనకోసం రాసిపెట్టింది ఒక మంచూ అధికారి. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో వీరుల్ని దానవీరుడు, ధర్మవీరుడు, యుద్ధవీరుడు, దయావీరుడు అని నాలుగు రకాలుగా చెప్పాడు. 1856లో యుద్ధవీరుడుగా కనిపించినవాడు ఇక్కడ దయావీరుడై కన్నుమూశాడు. పెకింగు ఆయనకు మరణానంతరం మొదటి శ్రేణి అధికారి హోదా ఇచ్చి, కుటుంబానికి పదివేల టేళ్ళ వెండి పంపింది. దేహం బోస్టన్ చేరింది. ఫానుయెల్ హాల్‌లో ప్రజల దర్శనానికి ఉంచి, కేంబ్రిడ్జిలోని మౌంట్ ఆబర్న్ శ్మశానంలో ఖననం చేశారు.

తర్వాతి చరిత్ర ఆయనకు న్యాయం చేయలేదు. 1880లో ఐదో అధికరణాన్ని వంచే కొత్త ఒప్పందం వచ్చింది. 1882లో చైనా కూలీల రాకను నిషేధించే చట్టం. పసిఫిక్ రైలుమార్గం వాళ్ళ రెక్కల మీద పూర్తయి అప్పటికి పదమూడేళ్ళు. మూసిన ఆ తలుపు 1917 నాటికి మన దేశంతో సహా ఆసియాలో చాలా భాగానికి అడ్డుపడింది. చైనావాళ్ళకు 1943లో కాస్త తెరుచుకుంది, భారతీయులకు 1946లో.

ఈ వైఫల్యం వల్ల బర్లింగేమ్ జీవితపు అందం తగ్గిందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. కృష్ణరాయబారం కూడా ఫలించలేదు, ఆ ఘట్టం కోసమే జనం తెల్లవార్లూ కూర్చుంటారు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా దౌత్యవేత్తల్లో ఆయనకంటే చతురులున్నారు, ఆయనకంటే విజేతలున్నారు. అడిగినవాళ్ళ కోసం అంత నిండుగా గొంతు ఇచ్చినవాడు మాత్రం మరొకడు లేడు. సాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయానికి పక్కనే బర్లింగేమ్ అనే ఊరుంది, ఆయన పేరే దానికి పెట్టారు. ఆ విమానాశ్రయంలో ఇవాళ ఎన్ని తెలుగు కుటుంబాలు దిగుతున్నాయో మీకు తెలుసు. అక్కడికి పోయే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, 1868 ఒప్పందంలో ఐదో అధికరణం ఒక్కసారి చదివించండి.